విదేశీ ఆటగాళ్ల కోటా: గీత గీస్తే సరిపోతదా?

ఒక జట్టు మైదానంల ఒక్కసారి ఎంతమంది విదేశీయులను దింపొచ్చో చెప్పే నిబంధనే విదేశీ కోటా. యూరప్‌ల 1995 బోస్మన్ తీర్పుతోని ఈయూ దేశాల ఆటగాళ్ల మీద ఈ పరిమితి పోయింది. మన ఇండియన్ సూపర్ లీగ్‌ల మాత్రం ఉన్నది. 2014ల పదకొండు మందిల ఆరుగురి దాక బయటోళ్లు ఆడొచ్చు. 2017ల ఐదుగురికి, 2021ల నలుగురికి తగ్గించిన్రు.

మంచిదే. కానీ ఆ నాలుగు జాగలల్ల క్లబ్బులు ముందుగాల గోల్ కొట్టేటోళ్లనే సూస్కుంటయి. 2021-22ల హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచింది. ఆ సీజన్‌ల అందరికన్న ఎక్కువ, 18 గోల్స్ కొట్టింది నైజీరియా ఒగ్బెచే. నేను గూడ సప్పట్లు కొట్టిన. మరి మన స్ట్రైకర్ బెంచీ మీద కూసుంటే గోల్ కొట్టుడు ఎప్పుడు నేర్సుకుంటడు?

1956 ఒలింపిక్స్‌ల మన దేశాన్ని నాలుగో జాగల నిలబెట్టిన కోచ్ రహీం సాబ్ హైదరాబాదీనే. గీత గీసుడు సగం పనే తమ్మీ. మిగిలిన సగం ఊర్ల గ్రౌండు, గ్రౌండుల కోచ్. గది అడుగుదాం.