పొయ్యి బూడిద నుంచి పొటాషు సంచి దాకా



నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేట ప్రాంతంలో మీ ఇంటి పెద్దవారిని ఒక మాట అడిగి చూడండి. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో బూడిదను ఏం చేసేవారు? కొంత అంట్లు తోమడానికి, కొంత చిక్కుడు పాదు మీద చల్లడానికి, మిగిలినది పెంటకుప్పకు. ఆ పెంటే వేసవిలో చెలకకు చేరేది. పొటాషు అనే పేరు వారెరుగరు. కాని చేనుకు వేసినది పొటాషే.

అసలు ఆ పేరే బూడిదలోంచి పుట్టింది. వెనుక ఐరోపావారు కట్టె బూడిదను నీళ్లలో నానబెట్టి, పైతేటను కుండల్లో ఇగరబెట్టి, అడుగున మిగిలిన ఉప్పును తీసేవారు. వారి భాషలో కుండ ‘పాట్’, బూడిద ‘యాష్’. రెండూ కలిసి పొటాష్ అయింది. 1807లో హంఫ్రీ డేవీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పొటాషియం లోహాన్ని వేరుచేసి చూపాడు. పంట నేలనుంచి తీసుకున్న లవణాలను తిరిగి నేలకు ఇవ్వవలెనని 1840లో జర్మనీ దేశపు లీబిగ్ గట్టిగా చెప్పాడు. 1861లో ఆ దేశంలోనే స్టాస్‌ఫుర్ట్‌లో గని ఉప్పు నుంచి పొటాషు తీసే ఫ్యాక్టరీ వెలిసింది. అలా బూడిద సంచిలోకెక్కింది.

మన దేశానికి మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఓడల్లో దిగుమతి కావలసిందే. 1992 ఆగస్టులో ప్రభుత్వం భాస్వరం, పొటాషు ఎరువుల ధరలపై నియంత్రణ ఎత్తివేసి, యూరియాకు మాత్రం ఉంచింది. పొటాషు ప్రియమైంది, యూరియా చౌకగా మిగిలింది. రైతు చేయి యూరియా వైపే పోయింది.

ఇంతలో ఇంట్లోనూ మార్పు వచ్చింది. గ్యాసు పొయ్యి వచ్చాక బూడిద లేదు. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు తగ్గాయి, పెంట తగ్గింది. వరి తీసుకున్న పొటాషులో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది. గడ్డిని అమ్మితే అదీ బండెక్కి పోయినట్లే గదా! నల్లరేగడి పొటాషును బాగా పట్టి ఉంచుతుంది. ఇసుక పాలు ఎక్కువైన ఎర్ర చెలకకు ఆ శక్తి తక్కువ.

పొటాషు తగ్గితే ముదురాకుల అంచులు పసుపెక్కి, కాలినట్లు ఎండుతాయి. కాండం బలహీనపడి చేను పడిపోతుంది, గింజ తాలు పోతుంది. ఆకు రంధ్రాలు తెరిచి మూసి నీటిని పొదుపు చేసేది పొటాషియమే. కనుక వాన మొహం చాటేసే మన వైపు దీని లోటు మరింత బాధిస్తుంది.

అయితే ఏం చేయాలి? మొదట మట్టి పరీక్ష చేయించండి. లోటు లేకుంటే డబ్బు ఖర్చు వద్దు. లోటుంటే, 50 కిలోల మ్యూరేట్ సంచిలో 30 కిలోల పొటాషు ఉంటుందని లెక్క కట్టి వేయండి. తేలిక నేలల్లో వరికి సగం ఆఖరి దమ్ములో, సగం అంకురం దశలో వేయవలెను. చొప్ప, గడ్డి, పశువుల మూత్రం వృథా పోనీయకండి. బూడిద ఉంటే వానకు తడవకుండా దాచండి. తడిస్తే అందులోని పొటాషు కరిగిపోతుంది. దానిని యూరియాతో మాత్రం కలపకండి, నత్రజని గాలిలో పోతుంది.

పెద్దలు లెక్క రాయలేదు గాని, తీసుకున్నది తిరిగి ఇచ్చారు. మనకు లెక్క వచ్చు. ఇవ్వడమే మిగిలింది.