చిన్న సోదరులు, పెద్ద ప్రశ్న

1948లో ఫ్రెంచి స్వరకర్త ఫ్రాన్సిస్ పులాంక్ అస్సీసీ ఫ్రాన్సిస్ ప్రార్థనలు నాలుగింటికి బాణీ కట్టాడు. వాద్యాలు లేవు, మగ గొంతులే. కచేరీ గాయకుల కోసం కాదు, షాంఫ్లూరీ మఠంలోని ఫ్రాన్సిస్కన్ సన్యాసుల కోసం. తన బంధువు జెరోమ్ అక్కడే ఉండేవాడు.

పులాంక్‌ది రసాయన పరిశ్రమ నడిపిన సంపన్న కుటుంబం. అస్సీసీ ఫ్రాన్సిస్ కూడా బట్టల వ్యాపారి కొడుకే. 1210 నాటి అస్సీసీ ఒప్పందంలో ఊరి జనం రెండు ముక్కలు: మయోరెస్, మినోరెస్. అంటే పెద్దలు, చిన్నలు. (చిన్నలంటే అందరూ నిరుపేదలనుకోవద్దు, ప్రభువులు కానివాళ్లు.) ఫ్రాన్సిస్ తన సంఘానికి ‘చిన్న సోదరులు’ అని పేరు పెట్టాడు. పేరు ఎవరు పెట్టారన్నది మనకు చిన్న విషయం కాదు కదా మిత్రులారా! ఆయన చిన్నతనాన్ని కోరి ఎంచుకున్నాడు. ఊరవతల ఉంచిన కుష్ఠురోగికి ఆ ఎంపిక లేదు.

మొదట్లో వాళ్లను చూడటమే చేదుగా ఉండేదనీ, వాళ్ల మధ్యకు వెళ్లాక ఆ చేదే తీపైందనీ ఫ్రాన్సిస్ తన వీలునామాలో చెప్పుకున్నాడు. నిజాయితీ గల మాటే. కానీ ఆ తీపి ఆయనది. రోగి మాట ఆ వీలునామాలో లేదు.

ఆయన 1226లో పోయాడు. 1240ల మొదట్లో, హైమో సంఘాధిపతిగా ఉన్నప్పుడు, పౌరోహిత్యం లేని సోదరులకు పదవులు మూసేశారు. చిన్న సోదరుల్లోనూ మెట్లు!

పులాంక్ నాలుగో ప్రార్థన ఒక్క గొంతుతో మొదలవుతుంది, సోదరులను పిలుస్తూ. తర్వాతే మిగతావాళ్లు అందుకుంటారు. పదవితో పనిలేదు. స్వరం పలికే ఏ సోదరుడైనా దాన్ని ఎత్తుకోవచ్చు.