మన్రో గంగాళము: పాత్రయు ప్రతీతియు

ప్రాచీనపాత్రలకు ప్రసిద్ధపురుషుల పేరులు అంటుట లోకమున సాధారణము. కొన్నిటియెడ ఆ పేరు పాత్రపైననే చెక్కబడియుండును. కొన్నిటియెడ జనుల నోటనే నిలిచియుండును. ఈ రెండింటిని ఒకే తూనికతో తూచరాదు. లిస్బను నగరమున గుల్బెంకియను ప్రదర్శనశాలలోనున్న తెల్లని జేడుశిలా పానపాత్ర మొదటి తెగకు చక్కని నిదర్శనము. సమర్కందు నేలిన ఉలుగ్ బేగు పేరు దాని మెడపై కలదు. దానిపై జహంగీరు 1613లోను, షాజహాను 1646-47లోను తమ పేరులు చెక్కించిరి. తాము తైమూరు వంశీయులమని చాటుకొనుటకు మొగలులకు అట్టి పాత్ర ఒక శాసనమువంటిది. అది ఎవరిదని యడిగినచో పాత్రయే బదులు చెప్పును.

మన సీమలో మిక్కిలి ప్రసిద్ధమైన తిరుమల ‘మన్రో గంగాళము’ రెండవ తెగకు చెందినది. దత్తమండలముల కలెక్టరైన సర్ థామస్ మన్రో కడుపునొప్పిచే బాధపడి, స్వామి ప్రసాదమైన పొంగలి భుజించి స్వస్థుడై, నైవేద్యమునకు ఈ గంగాళమును సమర్పించెననియు, ఆ వ్యయమునకు ఒక గ్రామపు రాబడిని ఏర్పరచెననియు చెప్పుదురు. కథ మనోహరమే. కాని ‘కలెక్టరు’ అను మాటయొద్ద చరిత్రకారుడు ఆగవలసియున్నది.

మన్రో దత్తమండలముల కలెక్టరుగానున్నది 1800 మొదలు 1807 వరకు. తిరుపతి దత్తమండలములలోనిది కాదు. అది ఆర్కాటు నవాబు రాజ్యములోనిది. 1801 ఒడంబడికచే కుంఫిణీవశమై ఉత్తరార్కాటు కలెక్టరు అధికారము క్రిందికి వచ్చినది. పరాయి జిల్లా కలెక్టరు భక్తితో ఒక పాత్ర నీయవచ్చును. గ్రామపు రాబడిని మాత్రము కట్టడి చేయజాలడు. 1820లో మన్రో చెన్నపట్టణమునకు గవర్నరయ్యెను. 1817 నాటి ఏడవ రెగ్యులేషనుచే దేవాలయముల ధర్మాదాయములు అదివరకే రెవిన్యూబోర్డు పర్యవేక్షణకు వచ్చియుండెను. తిరుమల దేవస్థానపు వ్యవహారములకు నలువదిరెండు నిబంధనలతో ‘బ్రూసు కోడు’ ఏర్పడినది 1821లో, అనగా మన్రో గవర్నరుగానున్నప్పుడే. కావున ఈ ఐతిహ్యమున సత్యాంశము కలదన్నచో అది 1820–27 నడుమ వెదకవలసినదే గాని అంతకు ముందు కాదు. బోధకులు సయితము నేటికిని ‘కలెక్టరు మన్రో గంగాళ’మనుచుండుట తగదు.

ఈ దొర పేరు రాయలసీమలో మరి రెండు క్షేత్రములకును ముడివడినది. మంత్రాలయమున బృందావనస్థుడైన రాఘవేంద్రస్వామితో సంభాషించెననునది యొకటి. గండిలో పాపఘ్నిపై బంగారుతోరణము గాంచెననియు, అది మరణసూచకమనియు చెప్పునది మరియొకటి. మంత్రాలయము ఆదవాని తాలూకాలోనిది, గండి కడప మండలములోనిది, రెండును దత్తమండలములే. ఇంతమాత్రమున ఆ కథలు నిజములని కాదు, అధికారపు టెల్లలకు విరుద్ధములు కావని మాత్రమే. మన మహానంది సంగతి వేరు. నంద్యాల, సిరివెళ్ళ ప్రాంతము 1839 వరకు కందనవోలు నవాబుల యేలుబడిలోనుండెను. ఇచ్చటి శిస్తు మన్రో కచేరీకి చేరలేదు. మహానంది పాత్రలను గూర్చి స్థానిక కథలు సేకరించు విద్యార్థులు ఈ యెల్లను మరువరాదు.

ఇక పేరును విచారింతము. ‘మన్రో గంగాళ’మను షష్ఠీసమాసము మన్రో యిచ్చినదని చెప్పవచ్చును, మన్రో ఏర్పాటు చేసిన నైవేద్యమునకైనదని చెప్పవచ్చును, మన్రో స్మృతికై యేర్పడినదనియు చెప్పవచ్చును. ఎట్లైనను స్వామ్యము దేవునిదే. మూడవ అర్థము వట్టి వ్యాకరణచమత్కారము కాదు. 1827 జులై 6న మన్రో విషూచిచే పత్తికొండలో మరణించెను. అచ్చట ఆయన పేర తోపు నాటించి మెట్లబావి త్రవ్వించినది ప్రభుత్వము, మన్రో గాడు. ఆ నీరు త్రాగిన బాటసారికి ఆ బావి మన్రోదే.