ముస్తాబు బొమ్మలు – నాలుగు దేశాల పోలిక

బొమ్మలాట పిల్లల ముచ్చటే కదా అని పెద్దలు తీసివేయడం పరిపాటి. కాని ముస్తాబు బొమ్మల చరిత్రలో మాకొక పెద్ద ప్రశ్న అగుపించింది: పరాయి రూపును ఎంతవరకు స్వీకరించవచ్చు? పరభాషల నడుమ తరతరాలుగా కాపురముంటున్న మనకు యీ ప్రశ్న కొత్తది కాదు.

వీటికి మూలం జర్మనీ. అక్కడ బిల్డ్ పత్రికలో 1952 నుంచి వచ్చిన వ్యంగ్యచిత్రాల నాయిక లిల్లీ, 1955లో బొమ్మగా అంగడికెక్కింది. అది పెద్దల వినోదానికి పుట్టిన బొమ్మ. 1956లో ఐరోపా యాత్రకు వెళ్లిన అమెరికా వనిత రూత్ హాండ్లర్ దానిని చూశారు. ఆ పోలికతోనే ఆమె మాటెల్ సంస్థ 1959 మార్చి 9న న్యూయార్కులో బార్బీని ప్రదర్శించింది. ఎత్తు 11.5 అంగుళాలు, వెల 3 డాలర్లు. తొలి బార్బీని నిలబెట్టడానికి పాదాలలో రంధ్రాలు వుండేవి. బొమ్మలు సేకరించేవారు నేటికీ వాటిని చూచి అసలును పోల్చుకుంటారు. రూపు అరువుదే అయినా, పిల్లల ఆటకు తగినట్లు మలచడం వల్ల బార్బీ నిలిచింది.

ఇంగ్లండులో 1963లో పుట్టిన సిండీ పొరుగింటి పిల్లవలె వుండేది. 1986లో హాస్‌బ్రో సంస్థ దానిని కొని బార్బీ పోలికకు తెచ్చింది. మాటెల్ దావా వేయగా ముఖం మార్చవలసి వచ్చింది. పూర్వపు ప్రాభవం మరి తిరిగి రాలేదు.

జపానులో తకారా సంస్థ మొదట విదేశీ బొమ్మలకు, చేత మోసుకుపోగల బొమ్మరిల్లు చేయదలచింది. ఆ బొమ్మలకు ఇల్లు మరీ పెద్దది కావలసి వచ్చింది. అందుచేత 1967లో తమ పిల్లల చేతికి తగినట్లు 21 సెంటీమీటర్ల లిక్కాను చేశారు. అయిదో తరగతి చదివే యీ చిన్నది 5 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

2001లో పెద్ద తల, పెద్ద కన్నులతో బ్రాట్జ్ బొమ్మలు వచ్చి బార్బీకే పోటీ అయినవి. 2016లో బార్బీ కూడా పొడవు, పొట్టి, బొద్దు అనే మూడు కొత్త ఆకృతులు తాల్చింది.

కనుక స్వీకరించడం తప్పు కాదు. స్వీకరించి తన కొలతకు దిద్దుకోకపోవడమే చేటు. సంక్రాంతికి కొలువు తీర్చే మన ఆడబడుచులు, కన్నడ తమిళ సీమలలో ఇరుగుపొరుగుతో కలిసి దసరాకూ తీరుస్తున్నారు. ఆ మెట్లమీద బార్బీకి చోటివ్వండి. పక్కనే కొండపల్లి బొమ్మను నిలిపి, దాని పేరు పిల్లలచేత తెలుగులో పలికించండి.