అన్నదమ్ముల పాట – అన్నం పెట్టిన చేయి

అమెరికా రాక్ సంగీతమంటే మనలో చాలామందికి తెలిసింది గిటార్లూ, డ్రమ్ములూ, పొడుగాటి జుట్టూ, అంతే. పిల్లలు ఆ రికార్డు పెట్టగానే “కాస్త సౌండు తగ్గించరా!” అని వంటింట్లోంచి కేకేస్తాం. కాని ఆ గోలకీ ఓ చరిత్ర ఉందండీ. అందులో మనలాంటి ఇల్లాళ్ళు కూడా ఉన్నారు. అందుకే ఈవేళ ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ గురించి మాట్లాడుకుందాం.

ముందు బ్లూస్ సంగతి చెప్పాలి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పత్తిచేలల్లో చాకిరీ చేసిన నల్లజాతివారి పాట అది. మన నాట్ల పాటలూ, దంపుళ్ళ పాటలూ ఎలా ఒళ్ళు అలిసిపోతూండగా పుట్టాయో, అదీ అలాగే పుట్టింది. ఒక చరణం పాడితే గిటారు దానికి బదులు చెబుతుంది. 1960లలో తెల్లకుర్రాళ్ళు దాన్నే ఎలక్ట్రిక్ గిటార్ల మీద ఎత్తుకుంటే బ్లూస్ రాక్ అయింది.

డుయేన్ ఆల్‌మన్, గ్రెగ్ ఆల్‌మన్ అన్నదమ్ములు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. 1949 డిసెంబరులో, దారిలో కారెక్కించుకున్న మనిషే ఆయన్ని కాల్చి చంపాడు. అప్పటికి పెద్దవాడికి మూడేళ్ళు, చిన్నవాడికి రెండు. తల్లి జెరాల్డీన్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అకౌంట్ల పని చదువుకుని, ఉద్యోగం చేసి, ఇద్దర్నీ పెంచింది. చిన్నవాడు పేపర్లు వేసి కూడబెట్టిన డబ్బుతో గిటారు కొనుక్కుంటే, పెద్దవాడు దాన్ని లాక్కుని తమ్ముణ్ణి మించిపోయాడు. ఏ ఊరైనా అన్నదమ్ముల వరస ఇంతే కదూ!

1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఆరుగురితో బృందం కట్టారు. డికీ బెట్స్ రెండో గిటారు, బెర్రీ ఓక్లీ బేస్ గిటారు. డ్రమ్ములకి ఇద్దరు: బుచ్ ట్రక్స్, జేమో. మన కచేరీలో మృదంగం పక్కన ఘటం ఉన్నట్టన్నమాట. వీళ్ళలో జేమో నల్లజాతివాడు. నల్లవారినీ తెల్లవారినీ హోటళ్ళలో వేరుచేసి కూర్చోబెట్టడం చట్టప్రకారం నేరమై అప్పటికి అయిదేళ్ళే. చట్టం మారినంత తొందరగా మనుషులు మారతారా? ఆ రోజుల్లో దక్షిణాదిలో ఈ ఆరుగురూ కలిసి తిరగడమే పెద్ద తెగింపు.

మకాం జార్జియా రాష్ట్రంలోని మేకన్ ఊరికి మార్చారు. చేతిలో కానీ లేదు. ఆ ఊళ్ళో లూయిస్ హడ్సన్ అనే నల్లజాతి ఇల్లాలు, ఇనెజ్ హిల్ అనే ఆవిడతో కలిసి 1959 నుంచీ హెచ్ అండ్ హెచ్ అనే చిన్న భోజన హోటలు నడుపుతూండేది. ఈ కుర్రాళ్ళొచ్చి ఒకటి రెండు ప్లేట్లకి డబ్బిచ్చి, అందరూ పంచుకు తినడం ఆవిడ చూసింది. ఏమీ అడక్కుండా ఒక్కొక్కరికీ ఒక్కో ప్లేటు పెట్టింది. వేపుడు కోడి, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. అప్పటినుంచీ ఆవిడ వాళ్ళకి మామా లూయిస్. మామా అంటే మన మామయ్య కాదు సుమండీ, వాళ్ళ భాషలో అమ్మ. డబ్బొచ్చాక వాళ్ళు మర్చిపోలేదు. 1972లో పర్యటనకి ఆవిణ్ణి వెంట తీసుకువెళ్ళారు.

వాళ్ళ సంగీతంలోకి ఇంట్లో సామాను కూడా ఎలా వచ్చిందో చూడండి. డుయేన్‌కి జలుబు చేస్తే, పుట్టినరోజుకి తమ్ముడు ఓ రికార్డూ, ఓ జలుబు మాత్రల సీసా ఇచ్చాడు. మాత్రలు పారబోసి, ఆ గాజుసీసా వేలికి తొడుక్కుని తీగలమీద జార్చడం మొదలెట్టాడు డుయేన్. మన గోటువాద్యంలో కర్రముక్క జార్చినట్టే. ఆ సీసాతోనే స్లైడ్ గిటారులో అతన్ని మించినవాడు లేడనిపించుకున్నాడు. “విప్పింగ్ పోస్ట్” అనే పాటనైతే, రాత్రివేళ కాగితం దొరక్క, కాల్చిన అగ్గిపుల్లలతో ఇస్త్రీ బల్ల గుడ్డమీద రాశానని గ్రెగ్ చెప్పుకున్నాడు. ఆ గుడ్డ ఎవరిదోగాని, పాపం, ఏమందో! 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో ఆ పాట సుమారు ఇరవైమూడు నిమిషాలు వాయించారు. రికార్డులో ఒక వైపంతా అదే. ఒక రాగం పట్టుకుని ఆలాపన పెంచినట్టు పెంచుతారు. మన చెవికి ఇది అంత పరాయిగా తోచదు.

ఆ రికార్డుతో పేరొచ్చిన కొద్దినెలలకే, 1971 అక్టోబరు 29న, మేకన్‌లో మోటారు సైకిలు ప్రమాదంలో డుయేన్ పోయాడు. ఇరవైనాలుగేళ్ళు. ఏడాది దాటి పదమూడో రోజున, 1972 నవంబరు 11న, అక్కడికి మూడు వీధుల దూరంలోనే బెర్రీ ఓక్లీ మోటారు సైకిలు బస్సుకి గుద్దుకుంది. ఆస్పత్రికి వద్దని ఇంటికొచ్చేశాడు. కాసేపటికే తలలో దెబ్బ ముదిరి ప్రాణం పోయింది. అతనికీ ఇరవైనాలుగేళ్ళే. ఇద్దర్నీ రోజ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే ఉంచారు.

బెర్రీ భార్య లిండా ఊళ్ళో ఓ పెద్ద ఇల్లు చూసి 1970లో అద్దెకి తీసుకుంది. బిగ్ హౌస్ అనేవారు. ఆడవాళ్ళూ, పిల్లలూ, వచ్చేపోయే వాద్యగాళ్ళూ, అందరికీ వంటావార్పూ అక్కడే. భర్తపోయాక 1973లో ఆ ఇల్లు ఖాళీ చెయ్యాల్సొచ్చింది. అదిప్పుడు బృందం పేర మ్యూజియం. పేరు ‘బ్రదర్స్’ అని పెట్టుకున్నారుగాని, జెరాల్డీన్, లూయిస్, లిండా లేకపోతే ఆ బృందం ఆకలికే విడిపోయేదని నాకనిపిస్తుంది.

మిగతా కథ తొందరగానే చెప్పొచ్చు. 1973లో వాట్కిన్స్ గ్లెన్ కచేరీకి సుమారు ఆరు లక్షలమంది వచ్చారంటారు. డబ్బుతోపాటే మత్తుమందులూ వచ్చాయి. 1976లో తమ దగ్గర పనిచేసిన మనిషిమీదే గ్రెగ్ కోర్టులో సాక్ష్యం చెప్పడంతో బృందం విడిపోయింది. మళ్ళీ కలిసి, మళ్ళీ విడిపోయి, 1989లో తిరిగి నిలబడింది. తరవాత చేరినవాళ్ళలో బుచ్ అన్నదమ్ముల మనవడు కాదండోయ్, కొడుకు వరస కుర్రాడు డెరెక్ ట్రక్స్ ఉన్నాడు. ఇతను మన ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సరోద్ విని ముగ్ధుడై, ఆ పోకడలు స్లైడ్ గిటారుమీద పలికించాడు.

చివరి కచేరీ 2014 అక్టోబరు 28న న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో జరిగింది. వాయిస్తూ వాయిస్తూ అర్ధరాత్రి దాటించారు. తారీఖు 29కి మారింది. అది డుయేన్ పోయిన రోజు.