వరి మొక్క లైసెంకోను గెలిపించిందా?

తల్లిదండ్రులు బతుకులో సంపాదించుకున్న లక్షణాలు పిల్లలకు రావు. మనం బడిలో చదువుకున్నది ఇదే. అయితే 2025 మే నెలలో చైనా శాస్త్రవేత్తలు 'సెల్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. పుప్పొడి తయారయ్యే దశలో వరిని చలికి గురిచేసి, తట్టుకున్న మొక్కల విత్తనం ఏరి, మూడు తరాలు ఇలాగే చేశారు. ఆ తర్వాత చలి తగలకుండా పెంచినా ఆ ఓర్పు ఐదు తరాలు నిలిచింది.

'అయితే లైసెంకో చెప్పిందే నిజమన్నమాట' అని ఎవరైనా అంటే ఏం జవాబు చెప్పాలి?

లైసెంకో అంటే, చలి తగిలించి గోధుమ స్వభావాన్నే శాశ్వతంగా మార్చవచ్చన్న సోవియట్ వ్యవసాయవేత్త. ఆయన్ను ఎదిరించిన వావిలోవ్ 1940లో అరెస్టయ్యాడు. 1943లో సరాతోవ్ జైలులో చనిపోయాడు. 1948 ఆగస్టులో స్టాలిన్ అండతో అక్కడ జన్యుశాస్త్రానికే తాళం వేశారు.

మనవైపు వాళ్ళూ తడబడ్డారు, దాచుకోవటం దేనికి? నాస్తికుడు, మార్క్సిస్టు అయిన హాల్డేన్ అదే ఏడాది బిబిసి చర్చలో లైసెంకోను పూర్తిగా తోసిపుచ్చలేకపోయాడు. తర్వాత పార్టీకి దూరమయ్యాడు. 1957లో మన దేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్ లో చనిపోయేదాకా జన్యుశాస్త్రంలోనే పనిచేశాడు. మన పిఠాపురం ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడే.

తమాషా ఏమిటంటే, అదే 1948లో అమెరికాలో రోలిన్ హాచ్ కిస్ దూడ డిఎన్ఏలో మామూలు సైటోసిన్ కు భిన్నమైనదాన్ని గుర్తించాడు. అది మిథైల్ అంటుకున్న సైటోసిన్. జీన్లు పనిచేయటం, ఆగిపోవటం ఈ గుర్తులను బట్టే జరగవచ్చని 1975లో హాలిడే, పగ్ ఒకచోట, రిగ్స్ మరొకచోట ప్రతిపాదించారు. నా భాషలో చెప్పాలంటే లెడ్జరులో అంకెలు మారవు, పక్కన పెట్టిన పెన్సిల్ టిక్కు మారుతుంది.

2009లో జపాన్ వాళ్ళు పొట్టి పిలకలూ మామూలు పిలకలూ ఒకే దుబ్బులో వచ్చే వరిని పరీక్షించారు. డ్వార్ఫ్1 జీన్ లో అక్షరాలు మారలేదు. పొట్టి పిలకల్లో ఆ జీన్ ను మిథైల్ గుర్తులు నోరు నొక్కేశాయి. చైనా వరిలో దీనికి తిరగేసి జరిగింది. ఏసిటి1 అనే జీన్ ముందుభాగంలో గుర్తులు తగ్గాయి. పరిశోధకులు అక్కడితో ఆగలేదు. ఆ గుర్తులను మాత్రమే మార్చి చూశారు, ఓర్పూ మారింది. అదీ ఓచరు! లైసెంకో దగ్గర లేనిది అదే. ఆయన నిషేధింపజేసిన శాస్త్రమే ఈ సంగతి బయటపెట్టింది.

ఇక్కడ గుజరాత్ లో గర్భసంస్కార తరగతులు నడిపేవాళ్ళలో కొందరు ఇప్పుడు 'ఎపిజెనెటిక్స్' మాట పట్టుకున్నారు. వాళ్ళను మనం అడగాల్సింది ఇంతే: ఏ మంత్రం, ఏ జీన్, ఏ గుర్తు, ఎన్ని తరాలు? పైగా మొక్కలో నిలిచినట్లు మనిషిలో ఈ గుర్తులు నిలవవు. బీజకణాలు తయారయ్యేటప్పుడు, పిండం తొలి రోజుల్లో చాలామటుకు చెరిగిపోతాయి.

బడి పాఠాన్ని మనమూ కొంత సవరించుకోవాలి, తప్పదు. సవరించమన్నది సాక్ష్యం. నాయకుడూ కాదు, స్వామీజీ కాదు.