విశ్వవిద్యాలయములు – స్థలమాహాత్మ్యము

విద్యాస్థానము ఊరిలో నుండవలెనా, ఊరికి దూరముగ నుండవలెనా యను చర్చ మనకు క్రొత్తది కాదు. ప్రాచీన బౌద్ధవిహారములు భిక్షాటనమునకు వీలగునంత దగ్గరగను, అధ్యయనమునకు భంగము కలుగనంత దూరముగను వెలసెను. నేడు మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతముల తల్లిదండ్రులు బిడ్డల నెచ్చటికి పంపవలెనని యోచించునపుడు ఆవరణపు వైశాల్యమును, భవనముల సొంపును, నగరము పేరును ముందు విచారింతురు. విచారింపదగినవే. కాని విద్యార్థికి అనుకూలమైన వాతావరణ మనగా నేమో మన చరిత్ర మరింత స్పష్టముగ చెప్పుచున్నది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో నారంభమై 1930లో విశాఖపట్టణము చేరెను. కేంద్రస్థానమునకై పట్టణములు పోటీపడిన కాలమది. బెజవాడ అనేకులకు నడుమ నున్నది. వాల్తేరు ఒక కొసను ఉన్నది. అయినను కడలిగాలి, ఎత్తైన నేల, ప్రశాంతత దానికి శోభ తెచ్చినవి. అంతలో 1942 ఏప్రిలులో విశాఖపై జపానువారి బాంబులు పడెను. సౌందర్యమునకు మూలమైన సముద్రమే భయకారణమయ్యెను; విశ్వవిద్యాలయము కొంతకాలము గుంటూరునకు తరలవలసి వచ్చెను. స్థలగుణము గొప్పదే కాని శాశ్వతము కాదు.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము తొలుత నగరమధ్యమున తాత్కాలిక భవనములలో నడచెను. పాట్రిక్ గెడ్డిస్ పండితుడు స్థలములను పరిశీలించి 1923లో నివేదిక నొసగెను. పిదప అడిక్‌మెట్టున, శిలామయమైన మెట్టనేలపై, 1934లో శంకుస్థాపనము జరిగి 1939లో ఆర్ట్సు కళాశాల భవ్యసౌధము ప్రారంభమయ్యెను. దేశభాషలో ఉన్నతవిద్య నొసగిన ఘనత ఆ సంస్థకు కలదు. కాని ఆ భాష ఉర్దూ. తెలుగుబడిలో చదువు నేర్చిన పల్లెబాలునకు ఆ విశాలద్వారము భాషచేత ఇరుకైనది. 1948 తరువాత ఉర్దూ స్థానము నాంగ్లమాక్రమించెను గాని తెలుగునకు దక్కలేదు.

ఇంతకంటె గొప్ప పరీక్ష 1938లో వచ్చినది. వసతిగృహములందు వందేమాతరము పాడరాదని నిషేధింపగా విద్యార్థులు సమ్మెచేసిరి, వందలకొలది బహిష్కృతులైరి. వారిలో పలువురకు ఆశ్రయమిచ్చినది నాగపురము. మన కరీంనగరు ప్రాంతపు వంగరలో పెరిగిన పాములపర్తి వేంకట నరసింహారావుగారును ఆ యుద్యమమున పాల్గొని అచ్చటికే పోయి చదువు సాగించిరి. నాగపురము పరాయిభాషల నగరము, ఎండలకు పేరుపడ్డ ఊరు. కాని వెలివేయబడిన విద్యార్థికి తలుపు తెరచిన ఊరే పుణ్యక్షేత్రము. శిలాసౌధము నిర్మించుటకంటె భిన్నస్వరమును సహించుట కష్టతరము. వాతావరణమను మాటకు మొదటి యర్థమదియే.

తరువాత విద్య మన యింటిచేరువకు నడచి వచ్చినది. 1976లో ఓరుగల్లున కాకతీయ విశ్వవిద్యాలయము, 2008లో కరీంనగరున శాతవాహన విశ్వవిద్యాలయము ఏర్పడెను. మెట్‌పల్లికి హైదరాబాదు రెండువందల కిలోమీటర్ల దూరమైనచో కరీంనగరు సుమారు 80 కిలోమీటర్లే. ఈ తేడా పటముమీద చిన్నది. నేతకాని యింటను, బీడీలు చుట్టు తల్లి యింటను చాల పెద్దది. నగరమునకు కుమారుని పంపుటకు అప్పుచేయు తండ్రి, కుమార్తె విషయమున దూరమను సాకుతో చదువు మాన్పించుట మనమెరుగనిది కాదు. దగ్గరి విద్యాలయము ఆ సాకును హరించును.

అయితే సామీప్యమొక్కటియే చాలదు. సాయంకాలపు బస్సుకై పరుగెత్తు విద్యార్థికి పాఠము దక్కును గాని గ్రంథాలయము దక్కదు. సహాధ్యాయులతోడి వాదము, గురువుతోడి యేకాంతసంభాషణము దక్కవు. రాత్రి దీపము వెలుగు పఠనమందిరము, ఆడపిల్లలకు భద్రమైన వసతిగృహము, కులమడుగని భోజనపంక్తి, ప్రశ్నించుటకు జంకు లేని తరగతి—ఇవి లేనిచో విశ్వవిద్యాలయము పరీక్షలకేంద్రమై మిగులును.

కావున తల్లిదండ్రులారా! విద్యాలయమును చూడబోవునపుడు భవనముఖమును చూచి మరలకుడు. వసతిగృహపు వంటశాలను, గ్రంథాలయము మూయు వేళను, ఆడపిల్లల నివాసమును చూడుడు. మన ప్రతినిధులు క్రొత్త విద్యాలయమును వాగ్దానము చేయునపుడు ఎన్ని యెకరములని కాక, ఎందరు పేదబిడ్డలకు అన్నము, పడక, దీపము నిత్తురని యడుగుడు.